మెట్టుగూడ పియానో సార్ దగ్గర ర్యాగ్‌టైమ్: ఎనిమిది నెలల తర్వాత నా రివ్యూ

"ర్యాగ్‌టైమ్ నేర్చుకుంటున్నాను" అని ఇంట్లో చెప్పిన రోజు మా అత్తయ్య కాసేపు ఆలోచించి, "రాగాలకు టైములుంటాయిలే. పొద్దున భూపాళం, రాత్రి నీలాంబరి. అవన్నీ నీకు చిన్నప్పుడే చెప్పుంటారుగా, మళ్ళీ డబ్బులు కట్టడమెందుకు?" అన్నారు. ఇది ఆ రాగం కాదని, అమెరికాలో నల్లవాళ్ళ నుంచి వచ్చిన పియానో సంగీతమని, ఇంగ్లీషులో ర్యాగ్ అంటే పేలిక అని, తాళాన్ని చింపి పేలికలు చేసినట్టుంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందని ఎక్కువమంది చెబుతారని వివరించాను. "అయితే మసిగుడ్డ సంగీతం అన్నమాట" అని తేల్చేశారు. మా ఇంట్లో దానికి ఇప్పటికీ అదే పేరు. శనివారం మూడున్నరకు "మసిగుడ్డ క్లాసుకు వెళ్ళవా?" అని గుర్తు చేసేది కూడా ఆవిడే.

నేను బ్యాంకులో క్యాష్ కౌంటర్ మనిషిని. వయసు 49. చిన్నప్పుడు ఆరేళ్ళు వీణ నేర్చుకున్నాను, వర్ణాల దాకా వచ్చింది. పెళ్ళయ్యాక వీణ అటకెక్కింది. మా అబ్బాయి కోసం కొన్న డిజిటల్ పియానో వాడు ఇంటర్‌లో చేరగానే ఇస్త్రీ బట్టలు పెట్టుకునే బల్లగా మారింది. ఒకసారి బట్టలు తీసి దుమ్ము దులుపుతుంటే వాడి పాత పుస్తకం దొరికింది. అందులో 'ది ఎంటర్‌టైనర్' అని ఒక పేజీ. మీరు కూడా వినే ఉంటారు, ఎక్కడో ఒకచోట, ఎవరి ఫోన్లోనో, ఏ పిల్లల బొమ్మలోనో. ఒక్క వేలితో వాయించి చూశాను. వాయించానా, ఇక అది నన్ను వదల్లేదు. కౌంటర్లో నోట్లు లెక్కపెడుతున్నా చెవిలో అదే.

మెట్టుగూడ కంటే ముందు ఇంకో చోట చేరాను. పేరెందుకులెండి. ఏసీ గదులు, గోడల మీద గిటార్లు, రిసెప్షన్లో కాఫీ మెషీన్. మూడు నెలల ప్యాకేజీ 18,000 ముందే కట్టించుకున్నారు. అక్కడ టీచరు పాతికేళ్ళ కుర్రాడు, మంచివాడే, కాకపోతే నాకు ఇచ్చింది ఒక్క పేజీ సులువు చేసిన 'ఎంటర్‌టైనర్'. ఎడమ చేతికి మూడే మూడు కార్డులు (కార్డు అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి నొక్కడం), అవీ నొక్కిపట్టి ఉంచడమే. రెండో నెలకల్లా "స్పీడు పెంచండి ఆంటీ, యాన్యువల్ షోలో చప్పట్లు పడాలి" అన్నాడు. పెంచాను. చప్పట్లూ పడ్డాయి. ఇంటికొచ్చి వీడియో చూసుకుంటే బస్సు అందుకోవడానికి పరిగెత్తే మనిషిలా ఉన్నాను. మూడో నెల వెళ్ళలేదు. మిగిలిన డబ్బు తిరిగిస్తారా అని అడిగితే రసీదు వెనక చిన్న అక్షరాలు చూపించారు. అలాంటి చిన్న అక్షరాలు రోజూ కస్టమర్లకు చూపించేదాన్ని నేనే కాబట్టి నోరు మూసుకుని వచ్చేశాను.

మెట్టుగూడ మాస్టారి సంగతి మా బ్రాంచిలో ఒకావిడ చెప్పింది. వాళ్ళమ్మాయి గ్రేడ్ పరీక్షలకు అక్కడే నేర్చుకుంటోంది. మాస్టారి పేరు, ఇంటి నంబరు ఇక్కడ రాయడం లేదు. రాయొద్దని ఆయనే అన్నారు, రాస్తే పొద్దున్నుంచీ ఫోన్లు మొదలవుతాయట. మెట్రో దిగి రైల్వే క్వార్టర్ల వైపు నడుస్తూ "పియానో సార్ ఇల్లు" అని అడిగితే చాలు, చూపిస్తారు. నాకు చూపించింది ఇస్త్రీ బండి ఆయన.

మాస్టారు ఆంగ్లో ఇండియన్. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు, ఆదివారాలు చర్చిలో ఆర్గన్ వాయించేవారట. తెలుగు మాట్లాడితే అచ్చం సికింద్రాబాద్ తెలుగు. ఫోన్ చేసినప్పుడు ఒకే ప్రశ్న అడిగారు. "పరీక్షకా, సరదాకా?" సరదాకే అన్నాను. "అయితే ఫీజు గంటకు 600. పరీక్షకైతే 800. పరీక్ష పిల్లలకు చెప్తుంటే నా తల నొస్తది, దానికి 200 ఎక్కువ." నాకు ఆ లెక్క నచ్చింది.

ఇక ఆ పియానో. ముందు గదిలో సగం ఆక్రమించి ఉంటుంది. నిలువు పియానో, వాళ్ళ నాన్నగారి కాలం నాటిది, ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చింది. కీల మీది దంతపు రేకులు పసుప్పచ్చగా తిరిగాయి, మధ్యలో రెండింటికి రేకులు ఊడిపోయి కింద చెక్క కనిపిస్తుంది. వానాకాలంలో చెమ్మ పట్టకుండా లోపల ఒక జీరో వాట్ బల్బు వెలుగుతూ ఉంటుంది. ఎలుకలు, చిమ్మటలు చేరకుండా కలరా ఉండలు. పై మూత ఎత్తితే కలరా ఉండలు, పాత చెక్క, ఉన్ని కలిసిన ఒక వాసన వస్తుంది. మా అమ్మమ్మ పెట్టెలో పట్టుచీరల మధ్య వచ్చే వాసనకు అటూ ఇటూగా ఉంటుంది. మొదటి రోజు మూత ఎత్తి లోపల చూపించారు. కీ నొక్కితే ఉన్ని తొడిగిన చిన్న సుత్తి ఎగిరి తీగను కొట్టి వెంటనే వెనక్కి వస్తుంది. వెనక్కి రావడం ముఖ్యం. తీగ మీదే ఆగిపోతే మోత చచ్చిపోతుంది. వీణ మీద వేలితో తీగను లాగి గమకం పలికించే అలవాటున్న నాకు ఇది పెద్ద దెబ్బ. ఇక్కడ ఒకసారి కొట్టాక ఇక ఆ స్వరంతో చేయగలిగిందేమీ లేదు. వంచలేం, ఊపలేం. ఎప్పుడు కొట్టాలి, ఎప్పుడు వదలాలి, అంతే మన చేతిలో ఉంది. ర్యాగ్‌టైమ్ అంతా ఆ "ఎప్పుడు" మీదే నిలబడిందని తర్వాత అర్థమైంది.

వాయించమన్నారు. యాన్యువల్ షో స్పీడులో వాయించేశాను. చప్పట్లు లేవు. లేచి వెళ్ళి ఒక ఫైలు తెచ్చారు. 'ఎంటర్‌టైనర్' అసలు ప్రతి జిరాక్సు, 1902లో అచ్చయినది. పైన దాన్ని రాసిన స్వరకర్త స్కాట్ జాప్లిన్ పెట్టిన సూచన: "వేగం వద్దు." అదే స్వరకర్త ఇంకో పాట మీద ఇంకా గట్టిగా రాసుకున్నాడు. ఈ పాట వేగంగా వాయించొద్దు, ర్యాగ్‌టైమ్‌ను వేగంగా వాయించడం ఎప్పుడూ సరికాదు అని. "రాసినాయనే చేతులు జోడించి చెప్పిండు. మనకేం తొందర మేడం?" అన్నారు మాస్టారు. ఆ మాటకు 18,000 రూపాయలూ ఒకసారి కళ్ళముందు తిరిగాయి.

తర్వాత మూడు వారాలు కుడి చేతికి పనే లేదు. అబద్ధం కాదు, కుడివైపు కీల మీద ఆ రోజు పేపరు మడిచి పెట్టేవారు, చెయ్యి వెళ్ళకుండా. ఎడమ చేత్తో కింద ఒక స్వరం, పైకి ఎగిరి ఒక కార్డు, మళ్ళీ కింద, మళ్ళీ పైకి. దుం, చక్, దుం, చక్. బ్యాండు మేళంలో పెద్ద డోలు, దాని వెనకే తాళాలు మోగినట్టు. నిజంగానే అది బ్యాండు నుంచి వచ్చిందే. ఆ కాలంలో అమెరికాలో ఊరూరా మార్చ్ బ్యాండ్లు ఉండేవి, ర్యాగ్‌టైమ్ ఆ మార్చ్ కట్టుబడినే తీసుకుంది. వరండాలో నన్ను అటూ ఇటూ నడిపించారు కూడా. ఎడమ అడుగుకు దుం, కుడి అడుగుకు చక్. పక్కింటి కాంపౌండు గోడ మీద నుంచి ఇద్దరు పిల్లలు చూసి నవ్వుతున్నారు. "నవ్వనీయండి, అడుగు తప్పొద్దు" అన్నారు.

చూడకుండా గెంతడం నేర్చుకోవడానికి నాకు మూడు వారాలూ పట్టింది. కింది స్వరం నుంచి కార్డు దాకా దాదాపు జానెడు దూరం. కళ్ళు కాగితం మీద ఉండాలి, చెయ్యి దానంతటది వెళ్ళి దిగాలి. మొదటి వారం పది గెంతుల్లో ఆరు తప్పే. ఆఫీసులో నోట్ల కట్ట లెక్కపెట్టేటప్పుడు ఎడమ చెయ్యి కట్టను కదలకుండా పట్టుకుంటుంది, ఆట అంతా కుడి బొటనవేలిది. ఎడమ చెయ్యి వణికిందా, లెక్క పోయినట్టే. అది మాస్టారికి చెప్తే, "మరి మీకు 22 ఏళ్ళుగా వస్తనే ఉంది గదా" అన్నారు. ఆ తర్వాతి వారం నుంచి తప్పులు తగ్గాయి. ఎందుకో నాకు తెలీదు.

నాలుగో వారం పేపరు తీశారు. అప్పుడు మొదలైంది అసలు కథ.

కాగితం మీద ఒక్కో గడిలో ఎడమ చేతికి నాలుగు దెబ్బలు. అదే చోటులో కుడి చేతికి ఎనిమిది చిన్న మాత్రలు. ఎనిమిదిని నాలుగు, నాలుగుగా విడగొడితే రెండు చేతులూ జోడెద్దుల్లా నడుస్తాయి. 'ఎంటర్‌టైనర్' అలా విడగొట్టదు. పాట ఎత్తుకోవడంలో రి, దాని వెంటే సాధారణ గాంధారం, తర్వాత అంతర గాంధారం, అక్కణ్ణుంచి పై షడ్జం. (ఒకే పాటలో రెండు గాంధారాలు పక్కపక్కనే. మా వీణ గురువుగారు వింటే ఏమనేవారో.) ఆ పెద్ద గాంధారం ఒక మాత్ర, పై షడ్జం రెండు మాత్రలు. మళ్ళీ గాంధారం ఒకటి, షడ్జం రెండు. మళ్ళీ గాంధారం. ఇక గడిలో మిగిలింది ఒక్క మాత్రే. షడ్జం ఆ చివరి మాత్రలో పుట్టి, గీత దాటి తర్వాతి గడిలోకి సాగిపోతుంది.

నేను కాగితం వంక చూస్తూ పైకే అనేశాను. "సార్, ఇది తకిట తకిట తక."

మాస్టారికి అర్థం కాలేదు. చేత్తో తాళం వేసి చూపించాను. మూడు, మూడు, రెండు. కలిపితే ఎనిమిది. మొదటి 'త' ఎడమ చేతి దెబ్బతో కలిసి పడుతుంది. రెండో 'త' రెండు దెబ్బల నడుమ సందులో పడుతుంది. మూడో 'త' నాలుగో దెబ్బ మీదికి వచ్చి వాలుతుంది. నేల మీద ఎడమ చెయ్యి నడుస్తుంటే కుడి చెయ్యి పిట్టగోడ మీద నడుస్తున్నట్టు. ఆయన రెండుసార్లు నాతోపాటు అని, మూడోసారి తనే పియానో మీద వాయిస్తూ తకిట తకిట తక అన్నారు. ఇప్పుడు గ్రేడ్ పిల్లలకు కూడా అలాగే చెప్తున్నారని మా బ్రాంచి ఆవిడ కూతురు చెప్పింది. దీనికి నాకు ఫీజులో తగ్గింపేమీ రాలేదు.

ఇంగ్లీషులో దీన్ని సింకొపేషన్ అంటారు. బరువు పడాల్సిన చోట పడకుండా పక్కకు జరగడం. తాళం దెబ్బకు కాస్త ముందో వెనకో పాట ఎత్తుకునే అతీత, అనాగత ఎడుపులు వింటూ పెరిగిన చెవికి ఇందులో వింతేమీ లేదు. వింత ఎక్కడంటే, మన దగ్గర తాళం వేసేది ఒకరు, పాడేది ఒకరు. తాళం చేతికి తొడ ఉంటుంది. ఇక్కడ రెండూ ఒకే మనిషి పది వేళ్ళ మీద. ఎడమ చెయ్యి కాస్త మెత్తబడి కుడి చేతి వెంట వెళ్ళిపోయిందంటే చినగడానికి గుడ్డే ఉండదు. పాత క్లాసులో నేను వాయించినదాంట్లో జరిగింది అదే. నడవాల్సిన చెయ్యి అక్కడ అసలు నడవనే లేదు.

ఇంకో సంగతి. ఎనిమిది మాత్రలూ సమానంగా ఉండాలి. తర్వాత వచ్చిన జాజ్‌లో స్వరాలను జంటలుగా పొడుగు, పొట్టి చేసి ఊపుతారు, దాన్ని స్వింగ్ అంటారు. ఇందులో ఆ ఊపు తేవొద్దని మాస్టారి పట్టుదల. నేను తెలీకుండానే ఊపేస్తుంటాను. అప్పుడు ఆయన పెన్సిలు తీసుకుని పియానో చెక్క మీద టక్ టక్ మని కొడతారు. ఆ చోట పాలిష్ పోయి తెల్లగా ఉంది. నా ముందు ఎంతమంది ఊపారో.

క్లాసులో పావు వంతు కథలే. కొందరికి ఇది మైనస్ అనిపించొచ్చు. గంటకు 600 కట్టి పావుగంట కథలు వింటే 150 రూపాయలు కథలకే పోయినట్టు. నాకైతే గిట్టుబాటే. ఆయన చెప్పే పద్ధతి ఒకటుంది, ఏదైనా తిరిగి తిరిగి రైల్వే దగ్గరికొస్తుంది. జాప్లిన్ టెక్సాస్‌లో పుట్టాడు, 1868 ప్రాంతంలో. తండ్రి బానిసగా బతికి విడుదలైనవాడు, తర్వాత రైల్వేలో పని. ఇంట్లో సంగీతం ఉంది, తల్లి బాంజో వాయించేది. జూలియస్ వైస్ అనే జర్మన్ మాస్టారు పిల్లవాడి చెయ్యి చూసి పాఠాలు చెప్పాడు. పెద్దయ్యాక మిస్సోరీ రాష్ట్రంలో సెడాలియా అనే ఊరు చేరాడు. "సెడాలియా అంటే ఏమనుకుంటున్నరు? రైల్వే ఊరు. వర్క్‌షాపులు, జీతం రోజు, సాయంత్రం సెలూన్లు, అంటే మందు కొట్లు. మా లాలాగూడ లాంటిదే." నాకిక సెడాలియా అంటే మెట్టుగూడ నుంచి లాలాగూడ వెళ్ళే రోడ్డే కళ్ళకు కడుతుంది.

ఆ ఊళ్ళో జాన్ స్టార్క్ అనే వాద్యాల కొట్టాయన 1899లో జాప్లిన్ 'మేపుల్ లీఫ్ ర్యాగ్' అచ్చేశాడు. ఆ రోజుల్లో పాటను ఏకమొత్తానికి అమ్మేసుకుని చేతులు దులుపుకోవడమే రివాజు. జాప్లిన్ మాత్రం వకీలుతో ఒప్పందం రాయించుకున్నాడు. కాపీ వెల కనీసం 25 సెంట్లు, అందులో ఒక సెంటు తనకు. అంటే 25 సెంట్ల మీద నాలుగు శాతం. సేవింగ్స్ ఖాతా వడ్డీ కంటే నయమే అన్నాను నేను. మాస్టారు నవ్వలేదు. నల్లవాడు 1899లో తెల్లవాడితో కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు, అది పెద్ద మాట అన్నారు. ఆ పాట ఏళ్ళ తరబడి అమ్ముడుపోయింది, ఆ సెంట్లు ఏళ్ళ తరబడి వచ్చాయి.

ర్యాగ్ పేరుతో పాటలు అంతకు రెండేళ్ళ ముందే, 1897లో అచ్చవడం మొదలైంది. ఆ ఏడాది చివర్లో టామ్ టర్పిన్ 'హార్లెమ్ ర్యాగ్' వచ్చింది. నల్లజాతి స్వరకర్త రాసి అచ్చయిన మొదటి ర్యాగ్ అదే. అచ్చుకు ముందు బతుకు వేరే. బాంజో మోతలు, కేక్‌వాక్ ఆటలు. కేక్‌వాక్ అంటే తోటల్లో బానిసలు దొరల నడకను, ఒయ్యారాన్ని వెక్కిరిస్తూ ఆడిన ఆట, బాగా ఆడిన జంటకు కేకు బహుమతి. దొరలకు తమనే వెక్కిరిస్తున్నారని తెలిసేదో లేదో. తర్వాత సెలూన్లు, భోగం ఇళ్ళు. పియానో ఉన్నది అక్కడే, నల్ల పియానిస్టుకు పని దొరికిందీ అక్కడే. అందుకని మర్యాదస్తులు ముక్కు చిట్లించారు. 1901లో అక్కడి సంగీత కళాకారుల సమాఖ్య దీన్ని వాయించొద్దని తన సభ్యులకే చెప్పింది. జావళీలు గుర్తొచ్చాయి నాకు. పాట నచ్చుతుంది, పాడినవాళ్ళ ఇంటి అడ్రసు నచ్చదు.

నేను ఉండేది హబ్సిగూడలో. ఆ పేరులో ఉన్నది హబ్షీలేనని, అంటే ఆఫ్రికా నుంచి నిజాముల కొలువుకు వచ్చినవాళ్ళని చెబుతారు. ఏసీ గార్డ్స్ అన్నా ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్సే, ఎయిర్ కండిషన్లతో సంబంధం లేదు. వాళ్ళ వంశాల వాళ్ళు వాయించే మర్ఫా అనే డోళ్ళ మేళం మొన్నామధ్య పాతబస్తీలో ఒక బారాత్‌లో విన్నాను. తకిట తకిట అని లెక్కపెట్టబోయాను, చిక్కలేదు. రెండిటికీ చుట్టరికం ఉందని నేననడం లేదు. సముద్రం అటు వెళ్ళినవాళ్ళు, ఇటు వచ్చినవాళ్ళు. ఆ సాయంత్రం మెట్రోలో ఇంటికొస్తూ స్టేషన్ పేర్లు వినిపిస్తుంటే హబ్సిగూడ అన్న పేరు మొదటిసారి సరిగ్గా విన్నట్టనిపించింది.

ఆరో నెలలో 'మేపుల్ లీఫ్' మొదలుపెట్టాం. దీని కట్టడం గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే క్లాసులో నాకు బాగా నచ్చిన పాఠం ఇదే. నాలుగు ముక్కలు, ఒక్కోటి పదహారు గడులు. మొదటి ముక్క రెండుసార్లు, రెండోది రెండుసార్లు, పల్లవికి తిరిగొచ్చినట్టు మొదటిది ఒక్కసారి, ఆ తర్వాత మూడోది రెండుసార్లు, నాలుగోది రెండుసార్లు. అంతే, అయిపోయింది. పల్లవితోనే ముగుస్తుందనుకునే మన చెవికి, ఎవరో చెప్పాపెట్టకుండా లేచి వెళ్ళిపోయినట్టుంటుంది. మూడో ముక్క దగ్గర శ్రుతే మారిపోతుంది. నాలుగో స్వరం మీదికి, అంటే మన లెక్కలో మధ్యమ శ్రుతికి వెళుతుంది. కచేరీ చివర్లో మధ్యమ శ్రుతి పెట్టుకుని చిన్న పాటలు ఎత్తుకున్నప్పుడు ఒళ్ళు కాస్త వదులవుతుంది చూడండి, అదే హాయి. నాలుగో ముక్కకు మళ్ళీ మొదటి శ్రుతి. నాకు మొదటి రెండు ముక్కలు వచ్చాయి. మూడో దాంట్లో ఎడమ చెయ్యి ఇంకా మొరాయిస్తోంది. చిన్న చేతులవాళ్ళకు ముందే చెప్తున్నా, ఈ పాటలో అష్టకాలు (ఒక స్వరం, దాని పై స్థాయి స్వరం కలిపి నొక్కడం) ఎక్కువ. నా బొటనవేలు, చిటికెనవేలు అష్టకానికి సరిగ్గా సరిపోతాయి, ఆపైన ఒక్క నూలు కూడా సాగవు. ఇరవై నిమిషాలు వాయిస్తే మణికట్టు లాగుతుంది. మాస్టారు లాగగానే ఆపేయమంటారు, పట్టుబట్టి వాయించనివ్వరు.

'ఎంటర్‌టైనర్'ను జాప్లిన్ ఒక మాండొలిన్ క్లబ్బుకు అంకితమిచ్చాడని మాస్టారు చెప్పినప్పుడు నేను పాలకొల్లు శ్రీనివాస్ గురించి చెప్పాను. మాండొలిన్ మీద త్యాగరాజ కీర్తన ఫోన్లో పెట్టి వినిపించాను. కళ్ళు మూసుకుని పూర్తిగా విన్నారు. ఆ రోజు గంట దాటి నలభై నిమిషాలు కూర్చున్నా అదనంగా తీసుకోలేదు.

మైనస్‌లు రాయకపోతే ఇది రివ్యూ కాదు, శుభలేఖ అవుతుంది. పియానో శ్రుతి అసలు ఉండాల్సినదానికంటే అర స్వరం కిందికి ఉంది. తీగలు పాతవి, పైకి లాగితే తెగుతాయని భయం. కాబట్టి ఇంట్లో డిజిటల్ పియానో మీద సాధన చేసి అక్కడికెళ్తే మొదటి అయిదు నిమిషాలు చెవి తికమక పడుతుంది. ట్రాన్స్‌పోజ్ బటన్‌తో నా పియానోనే అర స్వరం దించుకున్నాను, సమస్య తీరింది. జులై, ఆగస్టుల్లో కింది వరసలో ఒక కీ నొక్కితే పైకి లేవదు, వేలితో మీటి లేపాలి. అది సరిగ్గా 'మేపుల్ లీఫ్'లో పదే పదే వచ్చే స్వరం. ఫీజు నగదే. ఫోన్‌పే, గూగుల్‌పే ఏమీ లేవు, చిల్లర కూడా ఉండదు. నేను ఆరు వందల నోట్లు ప్రతి శుక్రవారం కౌంటర్ మూసేటప్పుడు విడిగా తీసి పెట్టుకుంటాను. క్లాసు మానేయాలంటే ముందు రోజు చెప్పాలి, లేకపోతే సగం ఫీజు. కారు పెట్టడానికి చోటు లేదు. సాయంత్రం దోమలు. సర్టిఫికెట్ ఇవ్వరు. సినిమా పాటలు చెప్పమంటే "అవి మీకే బాగొస్తయి" అని తప్పించుకుంటారు. పిల్లాడికి మూడు నెలల్లో స్టేజీ ఎక్కాలనుకునేవాళ్ళు ఇటు రావొద్దు.

కథల్లో ఆయన చెప్పడానికి ఇష్టపడనిది ఒక్కటే, జాప్లిన్ చివరి రోజులు. అడిగి అడిగి చెప్పించుకున్నాను. 'ట్రీమొనీషా' అని ఒక ఆపెరా, అంటే పాటలతో నడిచే నాటకం, రాసుకున్నాడు. చదువుకున్న ఒక నల్లపిల్ల తన ఊరిని మూఢనమ్మకాల నుంచి బయటికి నడిపించే కథ. అచ్చువేసేవాళ్ళు దొరక్క 1911లో సొంత డబ్బుతో వేసుకున్నాడు. 1915లో హార్లెమ్‌లో తెరలు లేవు, వేషాలు లేవు, ఆర్కెస్ట్రా లేదు, తనే పియానో వాయిస్తూ ఒక్కసారి వినిపించాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1917 ఏప్రిల్ 1న న్యూయార్క్‌లో ఆసుపత్రిలో పోయాడు. సమాధికి రాయి కూడా లేదు, 1974 దాకా. 1970లో జాషువా రిఫ్కిన్ అనే పియానిస్టు ఆయన పాటలు నిదానంగా, రాసింది రాసినట్టు వాయించి రికార్డు తెచ్చాడు. 1973లో ఒక హాలీవుడ్ సినిమాలో 'ఎంటర్‌టైనర్' వాడుకున్నారు, ఇక అది ఇంటింటి పాటైపోయింది. అమెరికా సంగీతానికి చేసినదానికి, పోయిన ఇన్నేళ్ళకు, జాప్లిన్‌కు 1976లో పులిట్జర్ వారి ప్రత్యేక పురస్కారం. ఇదంతా చెప్పి మాస్టారు లేచి వంటింట్లోకి వెళ్ళి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చారు. టీలో చక్కెర వేయడం మర్చిపోయారు. నేనూ అడగలేదు.

ఇప్పుడు 'సొలేస్' చూస్తున్నాం, 1909 నాటిది. ఇందులో ఎడమ చెయ్యి దుం చక్ మానేసి హబనేరా నడకలో పోతుంది. మూడు, ఒకటి, రెండు, రెండు మాత్రలు. మూడు వారాలు పేపరు పెట్టి నేర్పిన నడకను ఇప్పుడు మర్చిపోవాలట. మొన్న ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకోకుండా నిదానంగా వాయిస్తుంటే మా అత్తయ్య పూజగది నుంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. అయిపోయాక, "ఇది మసిగుడ్డలా లేదే" అన్నారు. "మసిగుడ్డే అత్తయ్యా, ఆయనదే" అన్నాను. "మళ్ళీ వాయించు, ఈసారి కూర్చుని వింటా" అని కుర్చీ లాక్కున్నారు. రెండోసారి పదకొండో గడిలో తప్పాను. ఆవిడకు తెలిసిపోయింది.

అయిదుకు నాలుగున్నర ఇస్తున్నాను. ఆ అర తగ్గించింది వానాకాలం కీకి. శని, ఆదివారాల్లో పెద్దవాళ్ళకు ఇంకా రెండు మూడు స్లాట్లు ఖాళీ ఉన్నాయట. శనివారం నాలుగు గంటలది నాది, అది మాత్రం అడక్కండి.